బోల్టులు బిగించిన నడకబండి

పిల్లలకు నడక నేర్పే బండిని నల్ల గ్రానైటు దిమ్మె మీద పెట్టి, కదలకుండా మూడు చక్రాలకూ బోల్టులు బిగించారు. ఇది తప్పు. ఎవరెన్ని విధాల సర్దిచెప్పినా, ఎన్ని బిల్లులు చూపించినా తప్పే. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత మిగతా సంగతులకు వస్తాను. ఈ మధ్య ఏ తప్పునైనా పూర్వాపరాలతో మొదలుపెట్టి చెప్పడం జనానికి అలవాటైంది. పూర్వాపరాలు పూర్తయ్యేసరికి తప్పు కాస్తా ఎవరిదీ కాకుండా పోతోంది.

కరోనా తగ్గి, జనం మళ్ళీ సముద్రపు ఒడ్డు హోటళ్ళకు తిరగడం మొదలుపెట్టిన ఏడాది అది. తోటపల్లి గూడూరు దాటి, రొయ్యల గుంటల మధ్యగా పోయే రోడ్డు చివర కొత్తగా ఒక రిసార్టు కట్టారు. పేరు రాయను. హాలు నిండా పాత బొమ్మలూ చేతిపని వస్తువులూ పెట్టుకున్నారు. ఒక్కోదాని పక్కన పెట్టే అట్ట మీద నాలుగు ముక్కలు రాయాలని నన్ను పిలిపించారు. అది ఎక్కడిది, దేనికి వాడేవారు, ఎంత పాతది అన్న వివరాలు. మా వ్యాపారంలో దీన్ని ప్రావెనెన్స్ అంటారు. వస్తువు ఎవరి చేతిలో పుట్టి, ఎవరెవరి చేతులు మారి ఇక్కడికి వచ్చిందో చెప్పే కథ అన్నమాట. మా దగ్గర వస్తువుకు సగం ధర, ఆ కథకు సగం ధర.

నేను బడిలో చదివింది అయిదో తరగతి. నెల్లూరులో పాత కాగితాల కొట్టులో, తూకానికి వచ్చిన పుస్తకాలు చింపి పొట్లాలు కట్టే పనిలో చేరాను. చింపే ముందు ఒకసారి చదివేవాణ్ణి. నా చదువు అంతా అదే. తర్వాత పాత చెక్కబొమ్మలు, కొయ్య గుర్రాలు, వామనగుంటల పీటలు, భరిణెలు కొని, బాగుచేసి అమ్మడంలో పడ్డాను. నలభై ఏళ్ళు దాటింది. ఈ పనిలో కాగితాలను నమ్మేవాడు మునుగుతాడు. కన్ను, ముక్కు, వేలి కొసలు, వీటితోనే బతకాలి.

రిసార్టు హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగా రిసెప్షన్ బల్ల కనిపించింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే చెక్క, మధ్యలో అతుకు లేదు. నా చేతిసంచి దాని మీద పెట్టబోతే మేనేజరు కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

“సార్ సార్, బ్యాగ్ కింద పెట్టండి ప్లీజ్. సింగిల్ పీస్ టేకు సార్ ఇది. మా ఎండీ గారు దీని మీద చెయ్యి కూడా వెయ్యనివ్వరు.”

“చెయ్యి వెయ్యనివ్వని బల్ల రిసెప్షన్‌లో ఎందుకయ్యా?” అన్నాను.

అతను నవ్వాడుగానీ సంచి మాత్రం తీసి కింద పెట్టాడు. అతను చూడనప్పుడు బల్లను తడిమాను. మేలైన చెక్క, చాలా మేలైనది. ఆ ఒక్క ముక్క ఒప్పుకుంటాను.

మొదట ఒక కొయ్య గుర్రం చూపించాడు. నూట యాభై ఏళ్ళ నాటిదట. ఒంటినిండా పురుగు తిన్న బెజ్జాలు. ఒక చీపురుపుల్ల తెమ్మన్నాను.

“క్లీనింగ్‌కు మనుషులున్నారు సార్, పిలుస్తా.”

“పుల్ల చాలు, మనుషులు వద్దు.”

పురుగు తొలిచిన బెజ్జం లోపల వంకరలు పోతుంది. డ్రిల్లు వేసిన బెజ్జం నిటారుగా దిగుతుంది. పుల్ల దూర్చితే తిన్నగా వేలెడు లోతుకు పోయింది. టీ డికాక్షన్ పూసి, యాసిడ్ కొట్టి, డ్రిల్లుతో పొడిచి కొత్త వస్తువును ముసలిదాన్ని చేయడాన్ని డిస్ట్రెస్సింగ్ అంటారు. దానికో పేరు పెట్టారు కాబట్టి అదో విద్య అయికూర్చుంది. నా చిన్నప్పుడైతే మోసం అనేవాళ్ళం.

“మరి దీని కార్డు మీద ఏం రాద్దాం సార్?”

“నిరుడు పుట్టిందని రాయి.”

“అట్లా అంటే ఎట్లా సార్, గెస్టులంతా ఫొటోలు దిగేది దీంతోనే.”

ఆ గుర్రం పక్కనే, దిమ్మె మీద, నడకబండి ఉంది.

నడకబండి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి, మధ్యలో నిలువు కర్ర, దాని మీద అడ్డంగా ఒక పిడి. తప్పటడుగుల బిడ్డ పిడి పట్టుకుని నిలబడి తోస్తే బండి కదులుతుంది, దాని వెంట బిడ్డ కదులుతుంది. దీన్ని పైనుంచి కింద దాకా గీకేసి అద్దంలా వార్నిష్ పూశారు. పక్కన అట్ట మీద ఇంగ్లీషులో, “జాలరివాళ్ళు సముద్ర దేవతను ఊరేగించే రథం” అని రాసి ఉంది. పిడి పట్టుకుని తోసి చూశాను. కదల్లేదు. వంగి చూస్తే బోల్టులు.

“గెస్టుల పిల్లలు ఒకటే తోసేస్తున్నారు సార్. గ్రానైటు మీద గీతలు పడుతున్నాయని బిగించేశాం.”

“పిల్లలు తోయడానికే కదయ్యా చేసింది?”

“రథం కదా సార్ అది,” అన్నాడు. పాపం, అట్ట మీద ఉన్నది చదివాడు.

నా కళ్ళు అప్పటికే వెనక చక్రం మీద ఉన్నాయి. అది కొత్త పలక నుంచి కోసింది కాదు, పడవ పలక నుంచి కోసింది. ఎంత గీకినా ఒక సందులో నీలం రంగు మిగిలిపోయింది. పిడికి రెండు వైపులా చిన్న చేతులు పట్టిపట్టి అరిగిన గుంటలు ఉన్నాయి. ఆ నీలం చక్రాన్ని, ఆ పిడిని నేను ఎరుగుదును.

అంతకు పదేళ్ళ ముందు, పాత వస్తువుల కోసం వాకాడు వైపు తీరం వెంట తిరుగుతూ ఒక పట్టపుపాళేనికి వెళ్ళాను. పట్టపువాళ్ళు చేపల వేట మీద బతికే జనం. ఒక ఇంటి ముందు చెంగమ్మ అనే ఆమె ఎండు చేపలు తిరగేస్తోంది. పక్కన చూరు కింద ఈ బండి ఉంది. వెనక చక్రంలో కాస్త నీలం తప్ప, చేపనూనె పట్టించి పట్టించి నల్లగా నిగనిగలాడుతోంది. చెక్క పడవలకు ఉప్పు తినకుండా పూసే నూనే దానికీ పూసేవాళ్ళు. ఏళ్ళ తరబడి నూనె, చెమట, చేతుల రాపిడి కలిసి చెక్కకు వచ్చే ఆ మెరుపును పాటినా అంటారు. అంగడిలో దొరకదు. దాన్ని చూస్తే నా వంటివాడికి నోరూరుతుంది.

“ఇది ఎవరిదమ్మా?” అన్నాను.

“ఎవురిదీ కాదన్నా.”

“ఎవరిదీ కాకపోతే నాకు అమ్ము.”

“ఎవురిదీ కానిదాన్ని నేనెట్ట అమ్మేది? ఇది అడిగి తీసకపోయేది. నీ ఇంట్లో నిలబడే బిడ్డ ఉండాడా?”

“లేడు.”

“అయితే నువ్వన్నా మళ్ళీ నేర్చుకో. నీ నడక చూస్తే పనికొచ్చేట్టే ఉండాది!”

చుట్టూ చేపలు ఏరుతున్న ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె పద్ధతి చెప్పింది. పాళెంలో ఏ ఇంట్లో బిడ్డ లేచి నిలబడితే బండి ఆ ఇంటికి పోతుంది. బిడ్డ నిలబడ్డాడని అడిగినవాళ్ళకు కాదనకూడదు. డబ్బు పుచ్చుకోకూడదు. ఆ బిడ్డ నడిచేదాకా తిరిగి అడగకూడదు, అడిగితే ఆ కాళ్ళకు మంచిది కాదు. బిడ్డ నడిచాక, బండిలో అరిగిపోయిన భాగం ఒకటి తీసేసి, ఆ ఇంటికి కూడు పెట్టే చెక్క ఒకటి వెయ్యాలి. పాళెంలో కూడు పెట్టే చెక్క అంటే పడవ. అట్లా ముందు చక్రం ఒకరి పడవ, వెనక చక్రం ఒకరి పడవ, ఇరుసు ఒకరి తెడ్డు. మొదటి బండిలోది ఒక్క ముక్క కూడా ఇప్పుడు దాంట్లో లేదు.

మా లెక్కలో అటువంటి వస్తువు దండగ. ఒక భాగం మారిస్తే రీప్లేస్‌మెంట్ అంటాం, సగం ధర తగ్గిస్తాం. అన్ని భాగాలూ మారితే అది వస్తువే కాదు. కాబట్టి ఆ రోజు నేను పెద్దగా బాధపడకుండానే తిరిగి వచ్చేశాను. అయినా బండి మాత్రం మనసులో ఉండిపోయింది.

అటువంటి బండి ఇప్పుడు దిమ్మె మీద బోల్టులతో ఉంది. మేనేజరుకు ఒక్క అట్ట కూడా రాసివ్వకుండా బయటికొచ్చి, మర్నాడు పొద్దున్నే కోట ఊరి మీదుగా వాకాడు బస్సెక్కాను.

చెంగమ్మ తల నెరిసింది తప్ప గొంతు మారలేదు. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

“ఏందన్నా, ఇన్నేళ్ళకొచ్చినావు. నడక నేర్చుకొనే పనిబడిందా?”

ఆమె కాళ్ళ దగ్గర ఒక ఆడపిల్ల గోడ పట్టుకుని నిలబడుతోంది, చెయ్యి వదిలితే కూలబడుతోంది. మనవరాలు. పేరు హన్సిక. కోడలు ఏదో సీరియల్లో విని పెట్టుకుంది. చెంగమ్మ నోట్లో అది అంసిక అయింది. కొడుకు మస్తానయ్య అరుగు మీద కూర్చుని వల అల్లుకుంటున్నాడు.

“నడకబండి ఎక్కడుంది చెంగమ్మా?”

“నెల్లూరు పక్క ఎవురో పెద్దోళ్ళింట్లో ఉండాది. కారులో మనిషొచ్చినాడు. మా సారు మనవడు నిలబడతా ఉండాడు, బండి కావాలని అడిగినాడు. ఇచ్చి పంపినాం, ఏడాది దాటింది.”

“వాళ్ళెవరో తెలియకుండానే?”

“ఎవురైతే ఏంది? బిడ్డ నిలబడినాడని అడిగితే కాదంటామా? డబ్బులు తీసినాడు. ఛీ, లోపల పెట్టు అని, ఎండు చేపలు కూడా కట్టిచ్చి పంపినా.”

“ఏడాది దాటింది కదా. తిరిగి అడగలేదా?”

అనకూడని మాట అన్నట్టు చూసింది నన్ను.

“బిడ్డ నడవకముందే ఎట్ట అడిగేదన్నా? నడిచుంటే వాళ్ళే తెచ్చిచ్చుందురు గదా. పాపం, ఆ బిడ్డకి కాళ్ళల్లో సత్తువ లేనట్టుండాది. నాకు దిగులేసి మొన్న పోలేరమ్మకి పొంగలి కూడా పెట్టినా. పేరు తెలీదు గదా, మా బండి తీసకపోయిన బిడ్డ అని చెప్పి మొక్కుకున్నా.”

చెబితే ఒక బాధ, చెప్పకపోతే ఒక పాపం. నాకు నీళ్ళు నమలడం చేతకాదు.

“బిడ్డ లేడు చెంగమ్మా,” అన్నాను. ఆమె గుండె మీద చెయ్యేసుకునేసరికి గబగబా అనేశాను, “అసలు పుట్టనేలేదు. వచ్చినవాడు అబద్ధం చెప్పాడు. అది హోటల్లో అలంకారానికి పెట్టారు.”

తిడుతుందనుకున్నాను. ఆమె మాత్రం గట్టిగా ఊపిరి వదిలింది.

“హమ్మయ్య. అయితే కాళ్ళు రాని బిడ్డెవురూ లేడు గదా! నేను ఏడాదిగా అల్లాడిపోతుండా.”

కాసేపటికి ఆమెకు రెండో సగం ఎక్కింది. “అలంకారం అంటే? పిలకాయలు తోయరా దాన్ని?”

బోల్టుల సంగతి చెప్పాను. ఆమె లేచి నిలబడింది.

“చక్రాలకా? చక్రాలకి చీలలు కొట్టినారా? వాళ్ళ చేతులు పడిపోనూ!”

“మ్మా, ఊరుకో,” అన్నాడు మస్తానయ్య వల మీది నుంచి తల ఎత్తకుండా. “పెద్దోళ్ళతో మనకెందుకు. అంసికకి నేను కొత్తది చేస్తాలే.”

“చేస్తావురా. నీ కొత్త బండిలో నీ పడవ ఒక్కటే ఉంటది. మీ నాయన యాడుంటాడు దాంట్లో?” అని నా వైపు తిరిగింది. “ఆ పిడి మా ఇంటాయన పడవదన్నా. పడవ ఒడ్డుకొచ్చింది, ఆయన రాలా. వీడప్పుడు నిలబడే బిడ్డ. పడవంతా ముక్కలైపోయి, బాగున్న చెక్క అదొక్కటే మిగిలింది. వీడు నడిచినాక బండికి పిడిగా ఏసినాం. ఆ పిడి పట్టుకొని నడిస్తే, అంసిక వాళ్ళ తాత చెయ్యి పట్టుకొని నడిచినట్టు.”

మస్తానయ్య చేతిలో వల కండె ఆగింది.

పాప గోడ వదిలి, రెండు క్షణాలు గాల్లో ఊగి, కూర్చుండిపోయి నవ్వింది.

“చూడు, ఇయ్యాల్నో రేపో దానంతట అదే నడిచేస్తది,” అంది చెంగమ్మ. “ఆ పైన బండొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. తెస్తావా అన్నా?”

“తెస్తాను,” అన్నాను.

నెల్లూరులో దిగి ముందు ఇనప సామాన్ల అంగడికి పోయి ఒక స్పానరు కొన్నాను. మర్నాడు రిసార్టుకు పోయి దాన్ని ఆ టేకు బల్ల మీద టంగుమని పెట్టాను.

“సార్! గీతలు పడతాయి!” అని మేనేజరు. “ఏంటి సార్ ఇది?”

“స్పానరు. నడకబండి బోల్టులు ఊడదీయడానికి. మీ ఎండీ గారిని పిలువు.”

ఎండీ గారు చెన్నైలో ఉన్నారన్నాడు. వచ్చేదాకా కూర్చుంటానని ఎదురుగా సోఫాలో కూర్చున్నాను. మర్నాడు మీటింగులో ఉన్నారన్నాడు. కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే వాళ్ళకేం నష్టం లేదు. కానీ గెస్టులు వచ్చి గుర్రం పక్కన ఫొటోలు దిగుతూ, గడ్డం ఉన్న ముసలివాణ్ణి కదా అని నన్ను అడిగేవాళ్ళు, “తాతగారూ, ఇది ఎన్నేళ్ళది?” అని. అడిగినవాళ్ళకు అబద్ధం ఎందుకు చెప్పాలి? నిరుడుది అని చెప్పి, ఒక చీపురుపుల్ల చేతికిచ్చి, ఎట్లా తెలుసుకోవాలో కూడా నేర్పాను. పిల్లలకు మహా సరదా. పుల్లలు పట్టుకుని హాలంతా తిరిగారు. ఆ సాయంత్రానికి చెన్నైలో ఉన్న ఎండీ గారు హాల్లో ఉన్నారు.

మాధవరావు అని, యాభై దాటిన మనిషి. రొయ్యల్లో సంపాదించి ఇందులో పెట్టాడు.

“మా గెస్టులకు గుర్రం డూప్లికేట్ అని చెబుతున్నారంట?”

“డూప్లికేట్ అనలేదు. వయసు చెప్పాను, అంతే.”

“సరే. బండి సంగతేంది? హాలు అలంకరించిన డెకరేటరు మనిషికి డబ్బిచ్చి కొన్నాను. బిల్లుంది.”

“బిల్లు ఇచ్చినవాడు దాన్ని కొనలేదండీ. వాకాడు వైపు పాళెంలో చెంగమ్మ అనే ఆమెను అడిగి తెచ్చుకున్నాడు. ఇప్పుడు ఆమె మనవరాలికి అది కావాలి.”

“అంత వేల్యూ ఉన్నదా అది?”

“విలువే లేదు. దాంట్లో ప్రతి ముక్కా మార్చిందే. మీరు రేపు అమ్మబోతే నా వంటివాడు ఎవడూ కొనడు. అందుకే ఇచ్చేయమంటున్నాను.”

ఆయన నవ్వాడు. “అచ్చం ఇట్లాంటిదే కొత్తది చేయించి ఇస్తాను, తీసుకుపోయి ఆమెకివ్వండి. సరేనా?”

“చేయించండి. చేయించి మీ దిమ్మె మీద పెట్టుకోండి. అక్కడ ఎటూ కదలకూడదు కదా, నకలు చాలు. ఆ పాప నడవాలి. తనకు అసలుది కావాలి.”

“పెద్దాయనా, మీకు మాటలు బాగా వచ్చు. కానీ హాలు డిజైనంతా దాని చుట్టూ కట్టాం.”

అప్పుడు చెప్పాను. “మీ డెకరేటరు మనిషి ఏం చెప్పి తెచ్చాడో తెలుసా? మీ మనవడు లేచి నిలబడుతున్నాడు, నడవడానికి బండి కావాలి అని.”

“నాకు మనవడెక్కడ? మా కోడలికి ఇప్పుడు అయిదో నెల,” అన్నాడు.

“ఆ పాళెంలో వాళ్ళకు నేను చెప్పేదాకా అది తెలియదు. బిడ్డ నడవకముందు తిరిగి అడిగితే కాళ్ళకు మంచిది కాదని, ఏడాదిగా నోరు మూసుకుని ఉన్నారు. బండి రాలేదంటే మీ మనవడికి కాళ్ళు రాలేదనుకుని, వాళ్ళ పాపకు బండి లేకపోయినా, ఆ చెంగమ్మ పోలేరమ్మకు పొంగలి పెట్టింది. మీ ఇంటి బిడ్డ కోసం.”

ఆయన బండి వైపు చూశాడు.

“పేరు కూడా తెలియకుండానా?”

“పేరు తెలియకుండానే.”

మేనేజరు మెల్లగా, “సార్, తీసేస్తే ఆ ప్లేస్ ఖాళీగా కనిపిస్తుంది,” అన్నాడు.

“కనిపించనీ. పెద్దాయన స్పానరు తీసుకో.”

తీరా చూస్తే నా స్పానరు పట్టలేదు. అవి లోపలికి గుంట ఉండే కొత్తరకం బోల్టులు. మెయింటెనెన్సు మనిషి వచ్చి ఎల్-కీతో ఊడదీశాడు. అంత పట్టుదలగా కొన్న నా స్పానరు ఇప్పటికీ ఇంట్లో కొబ్బరికాయలు కొట్టడానికి పనికొస్తోంది. మూడు చక్రాలకూ తూట్లు మిగిలాయి. ఆటోలో పెట్టుకుంటుంటే ఎండీ గారు గుమ్మం దాకా వచ్చి, కాస్త తగ్గించిన గొంతుతో అన్నాడు. “మా ఇంటికీ ఒకరు రాబోతున్నారు కదా. ఆ రోజు వచ్చినప్పుడు మాకూ ఇస్తారేమో అడిగి చూడండి. ఈసారి నిజంగానే.”

పాళెంలో దిగేసరికి పాప ఇంకా గోడ వదల్లేదు. మస్తానయ్య గాజుపెంకుతో వార్నిష్ గీకి, చేపనూనె పట్టించాడు. తడి ఇసక గట్టిగా ఉన్న చోట బండిని పెట్టారు. పాప పిడి పట్టుకుని, ముందు దాన్ని నోట్లో పెట్టుకుని నాకింది.

“నాకబాకే! మీ తాత చెయ్యి అది,” అంది చెంగమ్మ.

పాప తోసింది. బండి ముందుకు పోయింది, పాప కింద పడింది. మస్తానయ్య లేవనెత్తబోతే చెంగమ్మ చేత్తో ఆపింది. పాప తనే పిడి పట్టుకుని లేచి, ఈసారి బండితో పాటు పోయింది. నాలుగడుగులో అయిదడుగులో, లెక్కపెట్టలేదు. మస్తానయ్య మాత్రం సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత తూటు పడ్డ ముందు చక్రం తీసేసి అతను కొత్తది వేశాడు. ఇప్పుడు పడవలన్నీ ఫైబరువే. కానీ కూర్చునే అడ్డపలక ఇంకా చెక్కదే. అందులోంచి కోశాడు.

ఎండీ గారి కోరిక చెంగమ్మకు చెప్పాను. కోపగించుకుంటుందేమోనని కాస్త భయంగానే చెప్పాను.

“బిడ్డ నిలబడితే కాదనేదెట్ట? వరసలో పెడతాం. అయితే ముందొకసారి బిడ్డ లేకనే తీసకపోయినారు గదా, ఈసారి చెక్క ముందు, బండి తర్వాత. వాళ్ళకి కూడు పెట్టే చెక్క ఏందో అది తెమ్మను.”

“ఆయనకు పడవ లేదు చెంగమ్మా. హోటలు.”

“హోటల్లో వచ్చేపోయేవాళ్ళ కాడ డబ్బులు యాడ పుచ్చుకుంటారు?”

“పెద్ద టేకు బల్ల ఒకటుంది. దాని దగ్గర.”

“మరి ఆ బల్లే గదా కూడు పెట్టేది. దాంట్లోంచి ఒక ముక్క కోసకరమ్మను,” అని చేపల గంప నెత్తినెత్తుకుని వెళ్ళిపోయింది.

ఉన్నదున్నట్టు ఫోనులో చెప్పాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు. అంతే. నెలలు గడిచాయి. ఆయనకు మనవడు పుట్టాడని మేనేజరు చెప్పాడు. ఒకసారి నేనే ఫోను చేస్తే, ఆలోచిస్తాను అన్నాడు. రెండోసారి ఎత్తనేలేదు. కోయడని తీర్మానించుకున్నాను. అంత చెక్కను కొయ్యమని అడగడం ఎంత మాటో నాకూ తెలుసు. ఇన్నేళ్ళు చెక్కతో బతికినవాణ్ణి.

ఈ వ్యాపారంలో నేను నేర్చుకున్నవన్నీ పాతదాన్ని పాతగా ఎట్లా ఉంచాలన్నవే. ముట్టుకోనివ్వకు, మార్చనివ్వకు, ఎండ తగలనివ్వకు. ఆ బండి విషయంలో అవేవీ పనికిరాలేదు. దాన్ని మార్చినవాళ్ళే దాన్ని బతికించారు, మార్చకుండా కాపాడినవాళ్ళు బోల్టులు కొట్టారు. అప్పటినుంచి ఎవరైనా నాకు బొమ్మ అమ్మజూపితే, ఎన్నేళ్ళది అని ముందుగా అడగను. దీనికోసం ఇంకా ఎవరైనా ఎదురుచూస్తున్నారా అని అడుగుతాను. చూస్తున్నారంటే కొనను. దీనివల్ల నా వ్యాపారం సగానికి పడింది, పడనివ్వండి. బిడ్డ పేరు చెప్పి బండి తెచ్చిన ఆ డెకరేటరు మనిషి మీద నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

మొన్న ఒక పొద్దున, కొట్టు తలుపులు తీస్తుంటే ఫోను మోగింది. పలకరింపు లేదు, క్షేమసమాచారాలు లేవు.

“పెద్దాయనా, మావాడు లేచి నిలబడ్డాడు. బల్ల కోయించాను. చక్రానికి ఎంత మందం కావాలో చెంగమ్మ గారిని అడిగి చెప్పండి.”